పొట్లం మీద పేరేదీ?

అమలాపురం కానివ్వండి, రాజోలు కానివ్వండి, ఏ ఆస్పత్రి ఓపీ గదిలోనైనా రోజూ వినబడే మాటలివి. “ఏమ్మా, ఇవిగాక ఇంకేం మందులైనా వాడుతున్నావా?” చీటీ మీంచి తల ఎత్తకుండానే డాక్టరు అడుగుతాడు. “ఆయ్, ఏం లేదండీ” అంటుంది ఆవిడ. చేతిసంచిలో మడతపెట్టిన తువ్వాలు కింద పొట్లం ఉంటుంది. పొద్దున్నే పరగడుపున తేనెతో ఒక చిటికెడు, రాత్రి పడుకోబోయే ముందు వేణ్నీళ్లతో మరో చిటికెడు. మోకాళ్ల నొప్పులకు బాగా పనిచేస్తుందని వదినగారు కొత్తపేట అవతల ఏదో ఊరి నుంచి తెప్పించి పెట్టింది. ఆవిడ అబద్ధమాడిందని అనలేం. ఆవిడ లెక్కలో మందంటే మందుల షాపులో కొన్నది. పొట్లంలోది చెట్ల మందు. వంటింట్లో వాము, శొంఠి ఎలాగో అదీ అలాగే. ఇక డాక్టరు లెక్కలో ఆ ప్రశ్న ఒక తంతు. అడిగాడు, అయిపోయింది. చీటీ మీద నొప్పి బిళ్లల పేరు పడింది, ఆవిడ బస్సెక్కింది, రెండు మందులూ ఒకే కడుపులో కలుసుకున్నాయి. వాటికి పరిచయం చేసినవాళ్లు లేరు.

2022 జూలై నుంచి 2023 జూన్ దాకా జాతీయ నమూనా సర్వే వాళ్లు ఆయుష్ వైద్యాల మీద ప్రత్యేకంగా ఇంటింటా ఆరా తీశారు. గడచిన ఏడాదిలో ఆయుర్వేదమో హోమియోనో యోగానో, ఏదో ఒకటి వాడామన్నవాళ్లు పల్లెల్లో 46 శాతం, పట్టణాల్లో 53 శాతం. దాదాపు సగం మంది. మన ఆస్పత్రుల్లో కట్టలు కట్టి అటకెక్కించిన ఓపీ చీటీలు దులిపి చూస్తే ఆ సగం జాడ ఎక్కడైనా కనబడుతుందా? చదువూ సంపదా ఉన్నచోట పరిస్థితి వేరుగా ఉంటుందనుకోనక్కర్లేదు. డేవిడ్ ఐసెన్‌బర్గ్ బృందం 1993లో ప్రచురించిన అధ్యయనంలో ప్రతి ముగ్గురు అమెరికన్లలో ఒకరు ఇలాంటి ప్రత్యామ్నాయ వైద్యాలు వాడుతున్నట్టు తేలింది. వాడేవాళ్లలో 72 శాతం మంది ఆ సంగతి తమ డాక్టరుకు చెప్పలేదు. అది చదివి అక్కడి వైద్యలోకం ఉలిక్కిపడింది. మన దగ్గర ఉలిక్కిపడేందుకైనా ముందు ఎవరో ఒకరు అడిగి రాసిపెట్టాలిగా!

రెండు వైద్యాలూ కలిపి వాడే జనాన్ని తిట్టడానికి ఈ సంపాదకీయం రాయడం లేదు. వాళ్లు అలా ఎందుకు వాడతారో ఈ కోనసీమ నేల చరిత్ర తెలిసినవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. గౌతమి ఒక పక్క, వశిష్ఠ ఒక పక్క, నడుమ వైనతేయ, కింద సముద్రం. యానాం – ఎదుర్లంక వారధి పడేదాకా కాకినాడ పెద్దాసుపత్రికి పోవాలంటే ముందు పంటు దొరకాలి. అర్ధరాత్రి పురుడు కష్టమైతే, పొలం గట్టు మీద కట్లపాము కరిస్తే, వరద రోజుల్లో లంకలో పిల్లాడికి మూర్ఛ వస్తే, ఏరు దాటించే పడవవాడు నిద్ర లేచేలోగా చెయ్యి పట్టుకుని నాడి చూసిందీ, ఇంటి వెనకాల దొడ్లోంచి ఆకు కోసుకొచ్చి నూరిందీ ఊళ్లో వైద్యుడే. ఆయన మనవడి దగ్గరకు ఈ రోజూ జనం వెళ్తున్నారంటే అది మూఢనమ్మకం ఒక్కటే కాదు, అప్పు తీర్చుకోవడం కూడా. పైగా ఆయన నిద్ర పడుతోందా, విరేచనం సాఫీగా అవుతోందా, కోడలు సరిగ్గా చూస్తోందా అని అడుగుతాడు. ఓపీలో అంత తీరిక ఎవరికుంది?

మా అభియోగం దాపరికం మీద. దాన్ని పెంచి పోషిస్తున్న డాక్టర్ల మీద, వైద్యుల మీద, ప్రభుత్వం మీద. చివర్న మా మీద కూడా.

గోదావరి జిల్లాల వాళ్లకు ఈ విషయంలో ఒక వారసత్వం ఉంది, దాన్ని చేజేతులా పోగొట్టుకున్నాం. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అన్నదమ్ములిద్దరిని స్ప్రూ అనే పేగుల జబ్బు మింగేసింది. ఆయననూ ఆ జబ్బే పట్టుకుంది. నయం చేసినవాడు ఆచంట లక్ష్మీపతి. పశ్చిమ గోదావరి మాధవరంలో పుట్టి, మద్రాసులో ఇంగ్లీషు వైద్యం పట్టా పుచ్చుకుని, ఆ తరువాత ఆయుర్వేదం నేర్చుకుని దానికే జీవితం ధారపోసిన మనిషి ఆయన. ఖద్దరు కట్టినందుకు ఇంగ్లీషు ప్రొఫెసరు ఆగ్రహానికి గురై, ఎంబీబీఎస్‌కు బదులు తక్కువ పట్టాతో బయటపడ్డ సుబ్బారావు, లక్ష్మీపతి నడిపిన ఆయుర్వేద కళాశాలలోనే అనాటమీ పాఠాలు చెప్పాడు. 1922లో బోస్టన్ చేరాడు. పాతికేళ్లు తిరక్కుండానే లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అది స్ప్రూకు మందు. ఆయుర్వేదంతో ప్రాణం దక్కినవాడు ఆయుర్వేదాన్ని వెక్కిరించలేదు, అలాగని తగ్గిందిగా అని ఊరుకోనూ లేదు. ఎందుకు తగ్గిందన్న ప్రశ్న వెంటబెట్టుకుని సముద్రాలు దాటాడు. ఆ గురుశిష్యులిద్దరికీ రెండు వైద్యాల మధ్య గోడ ఉండాలన్న ఆలోచనే తట్టలేదు.

అదే పరిశోధన కొమ్మన కాసిన మరో కాయ మెథోట్రెక్సేట్. కీళ్లవాతానికి ఈ రోజు కోనసీమలో ఎంతోమంది ఆడవాళ్లు వారానికి ఒక్కసారి వేసుకునే చిన్న పసుప్పచ్చ బిళ్ల అదే. దాని దుష్ఫలితాలు తగ్గడానికి మర్నాడు వేసుకోమనే ఫోలిక్ ఆమ్లం బిళ్లా సుబ్బారావు చలవే. ఇది వారానికి ఒకసారి వేసుకుంటే మందు, పొరపాటున రోజూ వేసుకుంటే విషం. కాలేయాన్నీ ఎముక మూలుగనూ కనిపెట్టి చూస్తూ, రక్తపరీక్షలు చేయిస్తూ వాడాల్సినది. మూత్రపిండాల గుండా బయటికి పోతుంది కాబట్టి వాటిని అలసటపెట్టే ఏ పదార్థం తోడైనా ఒంట్లో పేరుకుంటుంది. మొదట్లో చెప్పిన ఆవిడ చేతిసంచిలో పొట్లం పక్కనే ఈ బిళ్ల కూడా ఉందనుకోండి. రెండు నెలల తరువాత నోరంతా పూసి, తెల్లకణాలు పడిపోయి, జ్వరంతో ఆమెను కారులో కాకినాడకో రాజమహేంద్రవరానికో తీసుకుపోతారు. ‘ఇంగ్లీషు మందు పడలేదు’ అంటాడు వైద్యుడు. ‘నాటు మందు తినింది’ అంటాడు డాక్టరు. పొట్లంలో ఏముందో ఇద్దరికీ తెలియదు. తెలుసుకునే దారీ లేదు.

మా దొడ్లోదేగా, చెట్టేగా, దానివల్ల హానేముంటుంది అనేవాళ్లకు బిళ్లగన్నేరు కథ చెప్పాలి. కోనసీమలో ఆ మొక్క లేని పెరడు ఉండదు. షుగరుకు మంచిదని పొద్దున్నే నాలుగాకులు నమిలేవాళ్లు ప్రతి వీధిలోనూ కనబడతారు. జమైకాలోనూ ఇదే నమ్మకం. అక్కడి నుంచి చేరిన ఆకును కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ 1950లలో పరీక్షించారు. ఎలుకల్లో చక్కెర పెద్దగా కదల్లేదు. కానీ తెల్లకణాలు దారుణంగా పడిపోయి ఎలుకలు చచ్చాయి. ఆ చావుల్లోంచే రక్త కేన్సర్లకు వాడే విన్‌బ్లాస్టిన్ పుట్టింది, దాని వెనకే విన్‌క్రిస్టిన్ వచ్చింది. ఆసుపత్రిలో చేతికి తొడుగులు వేసుకుని కొలత చూసి నరంలోకి ఎక్కించే మందుల పుట్టిల్లు మన దొడ్డిగుమ్మం పక్కనున్న మొక్కే. ఆకులో ఆ పదార్థం పాలు చాలా తక్కువన్నది నిజమే. అయినా చెట్టు అన్న ఒక్క మాటతో నిర్భయంగా నమిలే ముందు ఈ సంగతి తెలిసుండాలి. షుగరుకు గ్లైమిపిరైడ్ బిళ్ల వేసుకుని దాని మీద గ్లాసుడు కాకరరసం తాగి, మధ్యాహ్నం సంతలో కళ్లు తిరిగి పడిపోయే పెద్దాయనకు చక్కెర పడిపోయిందన్న సంగతి మొహాన నీళ్లు చల్లేవాళ్లకు తెలియకపోతే ఎవరిది తప్పు?

ఇక కామెర్లు. ఈ ప్రాంతంలో పసరు మందు పేరెత్తితే చాలు, ప్రతి కుటుంబానికీ ఒక ఊరి పేరు, ఒక ఆదివారం గుర్తుకొస్తాయి. ఇందులో న్యాయంగా ఒప్పుకోవాల్సిన సంగతి ఒకటుంది. నేలఉసిరిని శాస్త్రం చిన్నచూపు చూడలేదు. మద్రాసులో త్యాగరాజన్ బృందం, హెపటైటిస్–బి వైరస్‌ను కనిపెట్టి నోబెల్ పొందిన బ్లంబర్గ్‌తో కలిసి 1988లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు ప్రకటించింది. నేలఉసిరి తీసుకున్న 37 మందిలో 59 శాతం మంది రక్తంలో వైరస్ ఆనవాలు కనబడకుండా పోయిందన్నారు. ప్రపంచం ఎగబడింది. తరువాత వేరే చోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం నిలబడలేదు. ఇదంతా బహిరంగంగా జరిగింది. ఆశ పడ్డారు, మళ్లీ చూశారు, కాదని తేలితే కాదన్నారు. మన పసరు మందుకు అలాంటి మరుపరీక్ష ఎన్నడూ ఉండదు. చాలా కామెర్లు వాటంతట అవే నాలుగైదు వారాల్లో తగ్గిపోతాయి, పేరు పసరుకు దక్కుతుంది. తగ్గనివి, అంటే పైత్యనాళంలో రాయి అడ్డుపడ్డవీ, క్లోమంలో గడ్డ పెరుగుతున్నవీ, పథ్యం ఉప్పులేని చప్పిడి కూటి మీద నెలలు గడిపేసి ఆపరేషన్ చేయలేని దశలో ఆస్పత్రి గుమ్మం ఎక్కుతాయి. కామెర్లకని చేతి మీద పెట్టించుకున్న వాతలతో సహా.

చట్టం సంగతికి వద్దాం. షాపులో అమ్మే ఆయుర్వేద మందు సీసా మీద అందులో ఏమేం కలిశాయో రాయాలని ఔషధ నిబంధనల్లో ఉంది. విష ద్రవ్యాల జాబితా కూడా విడిగా ఉంది. నాభి, ముష్టి, ఉమ్మెత్త, నేపాళం, పాదరసం వంటివి కలిస్తే వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక తప్పనిసరి. బాగుంది. అయితే ఔషధ చట్టంలోనే ఒక చిన్న సందు వదిలారు. తన దగ్గరకొచ్చే రోగుల కోసమే స్వయంగా తయారుచేసుకునే వైద్యుడికీ హకీమ్‌కూ తయారీ, అమ్మకాల నిషేధ సెక్షన్ వర్తించదు. మన తాతల కాలపు వైద్యుడిని, ఖల్వంలో నూరి చేత్తో పెట్టే మనిషిని, కాపాడటానికి ఉంచిన సందు అది. ఇప్పుడు దానిలోంచి బస్తాలకు బస్తాలు దూరిపోతున్నాయి. పట్టా లేనివాడు కూడా ‘మా వంశ వైద్యం’ అనేసి అదే సందులో నిలబడుతున్నాడు. కొరియర్‌లో కువైట్‌కూ ఖతర్‌కూ కూడా పొట్లాలు పోతున్న కాలమిది. వేలమందికి పంచేది ‘నా దగ్గరకొచ్చిన రోగి’ కోసం ఎలా అవుతుంది? ఈ ప్రశ్న అడగాల్సిన ఔషధ తనిఖీ శాఖ మందుల షాపుల్లో బిల్లు పుస్తకాలు తిరగేసి వెళ్లిపోతుంది. పొట్లానికి బిల్లుండదు కాబట్టి అది వాళ్ల కంటికి ఆనదు.

పేరు లేకపోవడం చిన్న లోటు అనుకునేవాళ్లు బెల్జియం సంగతి వినాలి. 1990ల మొదట్లో అక్కడి ఒక క్లినిక్‌లో సన్నబడటానికి ఇచ్చిన చైనా మూలికల మాత్రల్లో ఒక మొక్కకు బదులు దాని పేరునే పోలిన మరో మొక్క కలిసింది. వందమందికి పైగా మహిళల మూత్రపిండాలు పాడైపోయాయి, చాలామందికి తరువాత మూత్రనాళాల్లో కేన్సర్ వచ్చింది. ఆ రెండో మొక్క అరిస్టొలోకియా జాతిది. ఆ జాతి మనకు కొత్త కాదు. గాడిదగడపాకు, ఈశ్వరి వేరు అని మన నాటువైద్యంలో పురుగు కాటుకూ పాము కాటుకూ వాడేవి దాని సోదరులే. కోవిడ్ రోజుల్లో అందరూ గ్లాసుల కొద్దీ తాగిన తిప్పతీగ కషాయం సంగతీ ఇలాగే తేలకుండా మిగిలింది. ముంబయి కాలేయ నిపుణులు తిప్పతీగ వాడి కాలేయం దెబ్బతిన్న ఆరుగురి వివరాలు 2021లో ప్రచురించారు. అది తిప్పతీగ కాదు, దాన్ని పోలిన ఇంకో తీగ అయ్యుండొచ్చని ఆయుష్ మంత్రిత్వ శాఖ వాదించింది. అయ్యుండొచ్చు. ఏ తీగో తెలియకుండా తాగించడమేగా అసలు నేరం?

భస్మాల సంగతి ఇంకా ముదురు. ఇంటర్నెట్‌లో అమ్ముతున్న 193 ఆయుర్వేద మందులను అమెరికాలో రాబర్ట్ సేపర్ బృందం పరీక్షించి 2008లో ఫలితాలు చెప్పింది. ఐదింట ఒకదానిలో సీసమో పాదరసమో ఆర్సెనికో ఉంది. పద్ధతి ప్రకారం పుటాలు పెట్టిన భస్మం వేరు, అది హానిచేయదు అని ఆయుర్వేద పండితులు అంటారు. ఆ వాదన నిజమో కాదో తేల్చాల్సింది పరీక్షశాల. భారత ప్రభుత్వం 2006 జనవరి 1 నుంచి ఎగుమతి అయ్యే మూలికా మందులకు భారలోహాల పరీక్ష తప్పనిసరి చేసింది. విదేశీ కొనుగోలుదారు నోరు నొక్కలేక చేసిన పని అది. అంబాజీపేటలో కాగితంలో చుట్టి ఇచ్చే పొట్లానికి ఆ భాగ్యం ఇంతవరకూ లేదు.

భస్మం కంటే భయపడాల్సింది పొట్లంలో రహస్యంగా కలిపే ఇంగ్లీషు మందుకు. వేసుకున్న మూడో రోజే నొప్పి మటుమాయమైతే, ఆకలి విపరీతమైతే, మొహం గుండ్రంగా ఉబ్బితే, అది వేరు మహిమ కాదు, డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మహిమ. స్టెరాయిడ్, నొప్పి బిళ్ల, షుగరు మాత్ర నూరి చూర్ణంలో కలిపిన ఉదంతాలు ఔషధ పరీక్షల్లో మళ్లీ మళ్లీ బయటపడ్డవే. ఏళ్ల తరబడి ఆ స్టెరాయిడ్ తిన్న మనిషి ఒంట్లో సహజంగా ఊరాల్సిన స్టెరాయిడ్ ఊరడం మానేస్తుంది. ఒకరోజు ఎవరో చెబితే భయపడి పొట్లం ఠక్కున ఆపేస్తాడు, లేదా హెర్నియా ఆపరేషన్‌కు బల్ల ఎక్కుతాడు. రక్తపోటు పాతాళానికి జారిపోతుంది. మత్తు డాక్టరుకు కారణం అంతుబట్టదు. రోగి ‘ఏం వాడట్లేదండీ’ అనే చెప్పాడు మరి. అతని వరకు అది నిజమే. తాను స్టెరాయిడ్ తింటున్నట్టు అతనికే తెలియదు.

ఇప్పుడు డాక్టర్ల వంతు. పొట్లం సంగతి నోరుజారి చెప్పిన రోగికి ఓపీలో దొరికేది ఏమిటి? ‘ఆ చెత్తంతా తిని చివరికి నా దగ్గరికొచ్చావా?’ పది మంది ముందు ఈ మాట పడ్డ మనిషి జన్మలో మళ్లీ చెప్పడు. పక్కన కూర్చున్న పదిమందీ చెప్పరు. ఒక్క తిట్టుతో ఆ డాక్టరు పదకొండు మంది నోళ్లకు తాళం వేశాడు. విడ్డూరం ఏమిటంటే ఆ చీటీ మీదే ఆయన మూలికలతో చేసిన లివర్ సిరప్ ఒకటి రాస్తాడు. అందమైన సీసాలో కంపెనీ ప్రతినిధి చేతుల మీదుగా వస్తే అది చెత్త కాదు కాబోలు. అటు ఆయుష్ పట్టా ఉన్నవాళ్లలో కొందరు పొద్దున చూర్ణాలిచ్చి సాయంత్రం యాంటిబయాటిక్ సూదులు వేస్తున్నారు. హోమియో చదివిన వైద్యుడు ఇంగ్లీషు మందులివ్వడం నిర్లక్ష్యమేనని సుప్రీంకోర్టు 1996లోనే పూనం వర్మ కేసులో తేల్చింది. ఎవరికి పట్టింది? ఇద్దరూ ఒకరి మందులు ఒకరు దొంగచాటుగా వాడుకుంటారు, రోగి మాత్రం వాడకూడదు.

వీటన్నిటికన్నా ప్రాణాంతకమైనది ఇంకో మాట: ‘ఇంగ్లీషు మందులు ఆపేస్తేనే మా మందు పనిచేస్తుంది.’ ఈ మాటతో మూర్ఛ మాత్రలు ఆపిన పిల్లలున్నారు, ఇన్సులిన్ మానేసిన పిల్లలున్నారు. అలాంటి పిల్లల్ని స్పృహ లేకుండా ఎత్తుకొచ్చే తల్లుల గురించి ఏ పిల్లల డాక్టరును అడిగినా చెబుతాడు. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో ఒక లెక్క తీశారు. కేన్సర్‌కు ఆస్పత్రి వైద్యంతో పాటు ప్రత్యామ్నాయ వైద్యమూ తీసుకున్న 258 మందిని, ఆస్పత్రి వైద్యం ఒక్కటే తీసుకున్నవాళ్లతో పోల్చారు. రెండూ వాడినవాళ్లలో చావు ముప్పు రెట్టింపు. కారణం వెతికితే మూలికలో విషం కాదు దొరికింది. వాళ్లలో 34 శాతం మంది కీమోథెరపీ వద్దన్నారు, 53 శాతం మంది రేడియేషన్ వద్దన్నారు. రెండో గుంపులో అలా వద్దన్నవాళ్లు రెండు మూడు శాతమే. వైద్యం నిరాకరించిన సంగతిని లెక్కలోంచి తీసి చూస్తే ఆ తేడా చాలావరకు కరిగిపోయింది. ‘పాటు’ అని మొదలైంది ‘బదులు’గా మారిపోయిన చోటే ప్రాణం పోయింది. ఆ మలుపు దగ్గర నిలబడి చెయ్యి పట్టుకోవాల్సింది డాక్టరే. తిట్టి తరిమేసిన డాక్టరు ఆ మలుపు దగ్గర ఉండడు.

కొబ్బరి చెట్ల మీద నుంచి పడే దింపు కార్మికుల మాట కూడా ఇక్కడే చెప్పాలి. చెట్టు జారితే తొడ ఎముకో మణికట్టో విరుగుతుంది. ఆపరేషన్ చేసి రాడ్డు వేయాలంటారు. పని లేని మూడు నెలలకు తోడు ఆ ఖర్చు. అందుకని ఎక్స్‌రే ఆస్పత్రిలో తీయించుకుని, కట్టు మాత్రం నాటు వైద్యుడి దగ్గర వేయించుకుంటారు. పుత్తూరు కట్టు పేరు రాష్ట్రం నలుమూలలా తెలిసిందే, మన ఊళ్లలోనూ చెయ్యి తిరిగిన కట్టువాళ్లున్నారు. చిన్న విరుగుళ్లు వాళ్ల చేతిలో చక్కగా అతుక్కుంటాయి. అయితే బిగుతు కట్టు కింద వేళ్లు చల్లబడి నల్లబడితే గంటల వ్యవధిలో కట్టు కోయాలి, లేకపోతే చెయ్యే తీసేయాల్సి వస్తుంది. ఈ ఒక్క గుర్తు కట్టువాళ్లకు నేర్పడానికి ఒక ఎముకల డాక్టరు ఒక పూట చాలు. ఇంతవరకూ ఒక్క పూట కూడా దొరకలేదంటే అది అహంకారం కాక మరేమిటి?

2021 మే నెల మరచిపోలేం. అప్పటి ఉమ్మడి తూర్పు గోదావరి రాష్ట్రంలోకెల్లా కోవిడ్‌తో ఎక్కువగా అతలాకుతలమైన జిల్లా. ఆక్సిజన్ మంచం దొరక్క జనం అల్లాడుతుంటే నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో నాటు వైద్యుడు ఆనందయ్య మందు కోసం కిలోమీటర్ల పొడవున వరసలు కట్టారు. ఇక్కడి నుంచి కూడా కార్లు వేసుకుని వెళ్లారు. కంట్లో చుక్కలు పడగానే లేచి కూర్చున్నానని వీడియోలో చెప్పిన విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు కొద్ది రోజులకే నెల్లూరు ఆస్పత్రిలో కన్నుమూశారు. మే 31న ప్రభుత్వం కంటి చుక్కలు పక్కనపెట్టి కొన్ని మందుల పంపిణీకి అనుమతిచ్చింది. దీనివల్ల కోవిడ్ తగ్గుతుందనేందుకు నిర్ధారణ లేదని ఆ ప్రకటనలోనే రాసింది, డాక్టరు ఇచ్చిన మందులు ఆపొద్దని కూడా రాసింది. పనిచేస్తుందని తెలియదు, అయినా పంచుకోండి! చరిత్రలో ఇంతకన్నా భయస్థురాలైన అనుమతి ఉంటుందా? అంతమంది వాడిన మందు మీద ఎవరు వాడారు, ఏమైంది అని పద్ధతిగా రాసి పెట్టుకునే అవకాశం చేతికందింది. జారవిడిచారు.

రాసిపెట్టే ఏర్పాటు కాగితం మీద లేకపోలేదు. ఇంగ్లీషు మందుల దుష్ఫలితాలు నమోదు చేసే జాతీయ కేంద్రం ఘజియాబాద్‌లో ఉంది. ఆయుష్ మందుల దుష్ఫలితాలకు వేరే కార్యక్రమం, దాని కేంద్రం ఢిల్లీలో అఖిల భారత ఆయుర్వేద సంస్థలో ఉంది. బిళ్ల, పొట్లం కలిసి చేసిన హాని ఏ పుస్తకంలోకి ఎక్కాలి? రోగి కడుపులో ఒకటైనవి సర్కారు దస్త్రాల్లో రెండు వేర్వేరు ఊళ్లలో ఉన్నాయి. అమలాపురానికి మంజూరైన ప్రభుత్వ వైద్య కళాశాలను ఎవరు నడపాలన్న రగడలో ఉన్న నాయకులకు, అందులో మూలికల విషప్రభావాలు చూసే ఒక గది ఉంటుందా అని అడిగే తీరిక ఉందా?

చివరిగా మా వంతు. మధుమేహం, కేన్సర్, పక్షవాతం, ఊబకాయం, బొల్లి, స్త్రీల సంతానలేమి సహా 54 జబ్బులను నయం చేస్తామని ప్రకటన ఇవ్వడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం. ఆయుష్ మందుల ప్రకటనలకు ముందస్తు అనుమతి కావాలంటూ కేంద్రం 2018 డిసెంబరులో 170వ నిబంధన తెచ్చింది. 2023 ఆగస్టులో దాని కింద చర్యలొద్దని రాష్ట్రాలకు అదే కేంద్రం ఉత్తరం రాసింది. ప్రకటనల మీద భారత వైద్య సంఘం వేసిన కేసులో 2024 వేసవిలో పతంజలి సంస్థ పత్రికల్లో క్షమాపణలు అచ్చు వేయించాల్సి వచ్చింది. ఆ జూలైలోనే కేంద్రం ఆ నిబంధనను ఏకంగా ఎత్తేసింది. ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ ఎత్తివేతను నిలిపివేసింది, మరుసటి ఏడు ఆగస్టులో కేసే ముగించింది. పెద్దల ఆట అలా నడిచింది. ఈ ఆటలో చిల్లర ఏరుకున్నది ఎవరు? పత్రికలు, చానళ్లు. మూడు నెలల్లో షుగర్ మాయం, ఆపరేషన్ లేకుండా మొలలు నయం అని పావు పేజీ, అరగంట కార్యక్రమం. అమ్మిన చోటు మాది, పుచ్చుకున్న డబ్బు మాది. అలాంటి ప్రకటనలు మాకూ వచ్చాయి, మేమూ వేశాం.

అందుకే కోరేది కొంచెమే. వైద్యుడు పొట్లం మీద ఏం కలిపాడో తెలుగులో రాసి, కింద పేరు, తేదీ పెట్టాలి. డాక్టరు పొట్లం చూపించమని అడగాలి, చూపిస్తే తిట్టకూడదు, చీటీ మీద ఎక్కించాలి. ప్రతి ప్రాంతీయ ఆస్పత్రిలోనూ అనుమానం వచ్చిన పొట్లాన్ని పరీక్షకు పంపే దారి జిల్లా యంత్రాంగం చూపించాలి. మేము, ఆ 54 జబ్బుల జాబితా మా ప్రకటనల విభాగం బల్ల మీద అంటించి పెడతాం. ఈ రోజు నుంచే.

మొదట్లో చెప్పిన ఆవిడ పొట్లం ఒకసారి విప్పి చూడండి. బూడిదరంగు చూర్ణం, లోపలి మడతలో కొన్ని అక్షరాలు. మందు పేరేమో అని దగ్గరకు పెట్టుకుని చదివితే కాదు, మోకాళ్ల నొప్పులకు శాశ్వత పరిష్కారమన్న ప్రకటన సగం ముక్క. పొట్లం కట్టింది నిరుటి మన పేపరుతోనే.